మూడొందల పన్నెండు అబ్బలు

నరుని కంటికి నాపరాయి పగుల్తాదంట.
తాడిపత్రిలో ఆ మాట ఊరికే అనరు,
ఇక్కడ రాయి పగిలితే నష్టం అడుగుల్లెక్కన.

ఓబుల్రెడ్డన్న కొత్త కోత మిషన్ దింపినాడు.
బూడిద గుమ్మడికాయ కట్టినాడు, కుళ్లింది.
రాక్షసుడి బొమ్మ పెట్టినాడు, గాలికి నాలుక ఊడింది.
"కుళ్లాయీ, సెల్లులు బాగుచేస్తావు గదా,
దిష్టికి కరెంటుతో ఏమన్నా చెయ్యరాదా?"

చేసినా.
పాడైన ఫోన్ల కెమెరా కండ్లు పదకొండు,
రాగితీగ చుట్ట, ఎర్ర బల్బు, నల్లదారం.
దారానికి సర్క్యూట్లో పనిలేదు. జేజి ఊరుకోలేదు.
ఎవురన్నా రెప్పెయ్యకుండా చూస్తే లెక్క పడతాది.
కొలతకు పేరు కావల్ల గదా,
మిషన్ చూసినోళ్ల నోట్లోంచి మొదట వచ్చేది ఏంది?
"అబ్బ!"
అదే పెట్టినా. ఒక అబ్బ, రెండు అబ్బలు.
నిట్టూర్పు కలిస్తే ఒకటిన్నర.

మొదటి దినం
లారీ డ్రైవర్లు, నాలుగు.
ఎదురు ఫ్యాక్టరీ సుబ్బరాయుడు, పంతొమ్మిది.
బ్యాంకాయన, అర. ఆయప్ప కాగితాలే చూసినాడు.
ఓబుల్రెడ్డన్న, అరవై. ఆ మాట ఆయనకు చెప్పలా.

రాత్రి ఒంటిగంట నుంచి మూడు వరకు
మూడొందల పన్నెండు.

"ఎవుర్రా అది?" అన్న కండ్లెర్రజేసినాడు.
మీటరు ఇంటికి తెచ్చి
బొమ్మలు ఒక్కొక్కటే తిప్పినా.
రాతిపొడికి తెల్లబడిన వాకిట్లో
ఈరమ్మ.
కొంగు నోట్లో కుక్కుకోని నిలబడింది.

పోయినేడు పాత మిషన్
ఆమె పెనిమిటి సుంకన్న కుడిచెయ్యి పట్టుకుంది.
కర్నూలు పెద్దాసుపత్రిలో మూడో దినం
చెయ్యి వెంబడే ఆయనా పోయినాడు.

కొత్తదాని పండ్లకు రేకు తొడుగు ఉండాది.
ఆమె చూస్తాండేది ఆ తొడుగునే.
రెండు గంటలు.
ఉత్త ఇనుప రేకు,
మూడు వేలు చెయ్యదు.

జేజి ఉప్పూ మిరపకాయలూ పిడికిట పట్టి
మీటరుకే దిగదీసి పొయ్యిలో వేసింది.
"ఘాటే రాలేదు సూడు, ఎవురిదో గట్టిగా తగిలింది."
నేను మాట్లాడలా.

తెల్లారి అన్నకు ఎలుక అని చెప్పినా.
మీటరు విప్పి కండ్లు పదకొండూ పెరికినా,
బల్బు మటుకు ఉంచినా.
ఇప్పుడది ఎవర్నీ చూడదు,
ఎర్రగా ఆరతా వెలగతా ఉంటాది.
అన్నకు ధైర్యం.

కండ్లు నా స్క్రూల డబ్బాలో ఉండాయి.
ఎట్లా కలిపినా, ఎన్నిసార్లు మూత తీసినా
ఒకటో రెండో
నా పక్కకే తిరిగుంటాయి.