సుతి

మంగళారం కచేరి. షాపు బందు రోజే, నయమైంది.
ఎరువుల దుకాణపు క్యాలెండర్ల
పోయిన నెల కాయితం చింపి
వెనక రాసుకున్నం:
మక్తల్ల మూడింటి బస్సు.
జక్లేరు, మరికల్, దేవరకద్ర,
అయిదు లోపల పాలమూరు.
ఆరున్నరకు హాలు.
తిరుగు బస్సు తొమ్మిదీ ఇరవై.

ఆ అంకె కింద మొగులప్ప రెండు గీతలు గీసిండు.
పోయిన యేడు ఈ బస్సు కోసమే
రాగం నడుమల లేచి ఉరికినం.
ఆటోల కూసున్నంక ఒక్కటే మాట అన్నడు:
"ముగింపు ఎట్ల జేసిండో."

మేం వాయించే కాడ ముగింపుండదు.
తాళి ఎత్తంగనే గట్టిగ ఊదమంటరు,
ఎవలన్న తుమ్మితే వినవడొద్దని.
అటెనక అందరు బువ్వల దిక్కు.
వినేటోడు లేని రాగం
ఎక్కడున్నది అక్కడనే కూలవడ్తది.
ఆఖరి పంక్తి లేచినంక మాకు ఆకులేస్తరు.

ముప్పై ఒక్క యేండ్ల సంది నాది ఒకటే స్వరం.
మొగులప్ప ఏడేడనో తిరిగొస్తడు,
నేను ఇంట్ల దీపం పెట్టుకొని కూసున్నట్టు ఉంట.
బుగ్గల నిండ గాలి నింపి
ముక్కుతోని గుంజుకుంట
తెగనియ్యకుండ పట్టుకుంట.
ఊరి పెండ్లి ఆల్బంలల్ల నా ఫోటోలు మస్తున్నయి,
అన్నిట్ల బుగ్గలే, మొకం లేదు.

బస్సుల బసమ్మకు జీరో టికెట్.
మా ఇద్దరికి నిండు పైసలు.
"నేను వినేది పుక్యానికే" అని
కిటికి దిక్కు జరిగింది.
డిపోల అడిగినం మళ్లొకసారి.
పన్నెండింటికి రాయచూరు బస్సున్నదట,
ఉంటే ఉంటది, లేకుంటే లేదట.

హాలు సల్లగున్నది, దవాఖాన లెక్క.
నేను లేస్తే కుర్చీ గూడ లేసింది, భయమైంది.
ఇంతమంది
ఒక్కలు గూడ విస్తరి అడగకుండ
ఒక్కలు గూడ పిల్లగాన్ని పిలవకుండ
సన్నాయి దిక్కే సూసుకుంట కూసున్నరు.
మొగులప్ప రుమాలు తీసి ఒళ్లె పెట్టుకున్నడు.

తెర లేసింది.
నడుమ విద్వాంసుడు, కుడి దిక్కు డోలు,
ఎడమ దిక్కు శిష్యుడు.
వెనక, నేను కూసునే జాగల
టిఫిన్ గిన్నెంత పెట్టె. ఎర్రటి లైటు.
బసమ్మ మోచేతితోని పొడిచింది:
"నీ కాడ అదెవలు?"

ఏం జెప్పాలె.
అది బుగ్గలు ఉబ్బియ్యలే.
దగ్గలే. ఆవులియ్యలే.
నాకన్న సక్కగనే పట్టింది, అబద్దమెందుకు.
కాకుంటే ఊపిరి తీసుకునే సప్పుడు లేదు.
ఆయన రాగం ఎంత దూరం పోయినా
దానికి ఎదురుసూపు లేదు.

ఎనిమిదీ యాభైకి మొగులప్ప గడియారం సూసిండు.
విప్పిండు. అంగి జేబుల ఏసుకున్నడు.
ఇగ మేం ఏం మాట్లాడలే.

తొమ్మిదిన్నర దాటినంక మంగళం.
ఊరి నుంచి ఒక మనిషి
ఎనక్కి సూసుకుంట సూసుకుంట పోయినట్టు
సన్నగైంది, సన్నగైంది, లేదు.
చప్పట్లు. శాలువాలు. ఫోటోలు.
జనం సెప్పులు ఎతుక్కుంట పోయిండ్రు.

పెట్టె ఇంక పలుకుతనే ఉన్నది.
ఖాళీ హాల్ల, ఎవలికోసమో.
వైర్లు సుట్టే పిల్లగాడొచ్చి
నేను మెట్ల కాడ నిలవడ్డది సూసి అడిగిండు:
"తాతా, ఏమన్న మరిసిపోయినవా?"
"ఏం లేదు బిడ్డా.
జరంత మెల్లగ బందు జెయ్యి."
వాడు నవ్విండు. టక్కున నొక్కిండు.

బస్టాండ్ల జొన్నరొట్టెలు విప్పినం.
పల్లికారం సంచికంత అంటింది, బసమ్మ తిట్టింది.
పన్నెండైంది, రాయచూరు బస్సు జాడ లేదు.
మొగులప్ప జేబులకెల్లి పీక తీసి
పెదవుల నడుమ పెట్టుకున్నడు.
ఊదలే. కండ్లు మూసుకున్నడు, అంతే.

నేను ముక్కుతోని
నిండుగ గాలి గుంజుకున్న.