తోక ఉన్న సున్న

ముప్ఫై మూడు మెట్లు దిగితే
కౌంటీ కోర్టు నేలమాళిగ.
ఒహాయో వానలన్నీ ఇక్కడికే వచ్చి ఆరినట్టు వాసన.
గుమాస్తా ఆర్విల్ గారు పెట్టె తెచ్చి
"మళ్ళీ ఆవిడేనా?" అంటారు.

ఆవిడే.
మా అమ్మమ్మకి తాతమ్మ, లొవైనా ప్రూయిట్.
ప్రూయిట్ మెట్టినింటి పేరు.
పుట్టినింటి పేరు కోసం
పదకొండేళ్ళుగా దిగుతున్నాను ఈ మెట్లు.

పద్ధెనిమిది వందల నలభై జనాభా లెక్కల్లో
ఆమె ఒక గీత.
అసాహెల్ ప్రూయిట్ అని మగడి పేరు, పక్కన
ఇరవై దాటిన ఆడది: ఒకటి.
యాభైలో పేరొచ్చింది, అక్షరం తప్పుతో.
అరవైకి ఊరంతటికీ పదేళ్ళు గడిచాయి,
ఆమెకి ఏడే.
కానీయ్, తొమ్మిది పురుళ్ళ మనిషి
మూడేళ్ళు దాచుకుంటే ఎవరి సొమ్ము పోయింది?
పుట్టిన చోటు ఒకసారి వెర్మాంట్, ఒకసారి న్యూయార్క్,
డెబ్బైలో కెనడా.
ఎనభైలో తొలిసారి అడిగారు, మీ అమ్మ ఎక్కడ పుట్టిందని.
జవాబు చెప్పింది కోడలై ఉంటుంది.
ఆ గడిలో చిన్న అడ్డగీత.
తొంభై నాటి కాగితాలు నిప్పుకి పోయాయి.

ఇవాళ్టి పెట్టెలో పొలం అమ్మిన పత్రం,
నకలు కాదు, అసలుదే.
భార్య హక్కు వదులుకోవాలిగా,
జడ్జీ మగణ్ణి గది బయట నిలబెట్టి అడిగాడట:
"ఇష్టపడే ఇస్తున్నావా? ఎవరూ బెదిరించలేదు కదా?"
ఇష్టపడే అందని రాశారు.
ఏ గొంతుతో అందో రాయలేదు.

అడుగున నిశానీ.
అందరూ పెట్టే ఇంటూ గుర్తు కాదు.
ఒక సున్న, దానికి తోక, తోకకి ఎడమవైపు వంపు.
నీళ్ళలో తోకకప్పలా.

చేతులు చల్లబడ్డాయి.
పోయిన చలికాలం, న్యూయార్క్‌లో ఒక పల్లె క్లర్కు
లొవైనా అన్న పేరు కనబడిందని పంపిన కాగితం,
ఆ రోజుల్లో ఆ పేరు వీధికొకరికి ఉండేది కదాని
నేను పక్కన పడేసిన కాగితం,
ఊరి పేదల ఖాతాలో ఒక పేజీ:
"కొండ అవతలి విధవకి కట్టెలు ఒక బండి,
మొక్కజొన్న పిండి అర బస్తా,
చిన్నది లొవైనాకి జోళ్ళు.
ముట్టినట్టు ఆమె గుర్తు."
సున్న. తోక. ఎడమకి.

అక్షరం రాని తల్లి
అక్షరం రాని కూతురికి
పొయ్యి బూడిదలో వేలు పట్టి తిప్పించిందా?
ఇలా కాదే, ఇలా. ఇదీ మనది.

రుజువు కాదు, నాకూ తెలుసు.
కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఆర్విల్ గారూ అన్నారు,
సున్నకి తోక పెట్టేవాళ్ళు
లోకంలో ఇద్దరే ఉంటారామ్మా అని.
ఉండరు.

ఇంటికొచ్చి వంశవృక్షం బల్ల మీద పరిచాను.
లొవైనా పైన ఖాళీ గడి
ఇన్నేళ్ళూ నన్ను చూసి గుడ్లురిమిన గడి.
పెన్సిల్‌తోనే గీశాను,
రేపెవరైనా చెరిపేస్తే చెరపనీ.
మూడుసార్లు గీసినా వంపు కుదరలేదు.
నాలుగోసారి
ఎడమచేత్తో గీశాను.