ఈ వైపు పైకి

ఎనిమిది వందల బల్ల ఇది.
జుమ్మెరాత్ బజార్ల వెయ్యి చెప్పిండు,
వాన మొదలైందని రెండు వందలు దిగిండు.
ఎక్కడి నుంచో మిషను మోసుకొచ్చిన పెట్టె చెక్క.
ఒక పలక మీద నల్లటి అచ్చు ఇంకా ఉన్నది:
గొడుగు, గలాసు, ఒక బాణం.
ఈ వైపు పైకి అని బాణం మాట.
బల్ల చేసినోడు పలకను అడ్డం కొట్టిండు,
ఇప్పుడు పైకి అంటే
చిలకలగూడ మూలమలుపు దిక్కు.

ఫ్యాన్లు, మోటార్లు చుట్టే దుకాణం నాది.
తీగచుట్టకు వార్నిషు పోసుడు ఇరవై ఏండ్ల అలవాటు,
చెక్కకు పోసుడు తెల్వదు.
పెండ్లిమంచాలకు పాలిష్ కొట్టే ఖుద్దూస్ భాయ్‌ని అడిగితే
బల్లను చూసిండు, నన్ను చూసిండు.
గాడిదకు గంధం పూస్తున్నవా బహెన్, అన్నడు.
పూస్తున్న, అన్న.
పాత బల్ల సందుల ఎన్ని స్క్రూలు మింగిందో
ఆయనకు లెక్క చెప్పలే.
ఈ దుకాణంల మెరిసేది ఒక్కటన్న ఉండాలె అని
అది గూడ చెప్పలే.

పోతూ పోతూ గల్మల నిలబడి అన్నడు:
క్లియర్ అంటే దాచేది కాదు,
ఉన్నదాన్ని ఇంకా లోతుకు చూపిస్తది. సోంచ్‌కో.

ఎనభై నంబరు కాగితం. నూటిరవై. రెండొందల ఇరవై.
మోచెయ్యి నా మాట వినుడు మానేసింది.
పొడి లేస్తుంటే తెలిసిన వాసన:
రోజూ టాంకా వేసేటప్పుడు పొగల వచ్చేదే.
ఏ చలిదేశపు చెట్టు జిగురో,
అరె, నువ్వు నాకు ఎప్పటినుంచో ఎరుకే గదా.
మేకుల బొక్కలల్ల ఆ పొడినే ఫెవికాల్‌తో కలిపి కూరిన.
గొడుగు సగం అరిగిపోయింది.
గలాసు మీదికి రాంగనే చెయ్యి ఆగింది.

మొదటి పూత గటగట తాగేసింది
మే నెలల బస్సు దిగినోని లెక్క.
రెండో పూతకు ముసురు పట్టింది.
తెల్లారి చూస్తే బల్ల మొత్తం పాలు ఇరిగినట్టు.
ఫోన్ల ఖుద్దూస్ భాయ్ చాలాసేపు నవ్విండు.
వానల పూస్తరా ఎవరన్న? ఎండ రానీ. మళ్ల రుద్దు.
నాలుగు దినాలు కింద కూసొని పని చేసిన.
మోకాళ్లు బల్లను తిట్టినయి, నేను మోకాళ్లను తిట్టిన.

మూడో పూత నాడు షట్టరు సగం దించిన.
ఫ్యాన్ల దుకాణంల ఒక్క ఫ్యాను తిరగలే ఆ పూట,
దుమ్ము లేస్తదని.
చెమట బల్ల మీద పడకుండ
దూరం నిలబడి బ్రష్షు లాగిన, ఒక్క దిక్కే.
అప్పుడే ఒక దోమ దిగింది.
తీయబోతే గీత పడ్తది. వదిలేసిన.
ఇప్పటికీ ఉన్నది, ఆరు కాళ్లతోని,
గలాసు పక్కన, తాగుదామని వచ్చినట్టు.

ఆరినంక మూడు దినాలు
బల్ల మీద పేపరు పరిచి పని చేసిన.
ఏమన్న ఉన్నదా అక్కల్?

నాలుగో నాడు ఇడ్లీబండి యాదమ్మ
గ్రైండరు మోటరు చంకనెత్తుకొని వచ్చింది.
బల్లను చూసి జంకి నేల మీద దించబోయింది.
పేపరు గుంజి పారేసిన. పెట్టు, అందుకే ఉన్నది.
పెట్టింది. కర్ర్ మన్నది.
నా పండ్లు జిల్లుమన్నయి.
జానెడు గీత.

రెండు చెక్కముక్కల మీద మోటరు ఎత్తి, మూత ఇప్పి,
ఆ గీతను చూద్దామని వంగిన.
గీత పక్కన, మెరుపుల,
మోటరు అడుగు కనబడ్డది.
తీగచుట్ట ఎనక దిక్కు, బొగ్గైన నాలుగు పోగులు,
తిప్పకుండ, ఎత్తకుండ.
ఇరవై ఏండ్లు బోర్లేసి, ఎల్లకిలేసి,
నడుము పట్టుకొని చూసిన దాన్ని
ఎనిమిది వందల చెక్క
కింద నుంచి చెప్తున్నది.

గా బాణమేంది, అన్నది యాదమ్మ.
ఈ వైపు పైకి అని.
ఆమె బాణం పోయిన దిక్కు చూసింది,
నీళ్లు నిలిచిన రోడ్డు, తోసుకుంట పోతున్న ఆటో.
అటు దిగుడే గదా, అన్నది.

పన్నెండు వందలైతది, అన్న.
ఎల్లుండి రా.