గంటల లెక్క

పొద్దుగాల ఏడింటికే ఆటోనగర్‌ల దిగినం.
షెడ్డాయన ఇంకా పండ్లు తోముకుంటుండు.
చెప్పకుండ రావాలన్నది పాషా షరతు.
మోయిజ్ పాషా బండి చుట్టూ తిరగలె, టైర్లను తన్నలె,
బానెట్ ఎత్తి,
జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు
ఇంజన్ మీద అరచెయ్యి పెట్టిండు.
"సల్లగుంది. మంచిదే.
ఎచ్చగుంటే, మనకన్న ముందే ఎవడో
దాన్ని బతిమాలి లేపిండన్నట్టు."

ఎర్ర రంగు కొత్తది.
బోల్టుల తలల మీద రంగు,
పానా జారిన గీతల మీద రంగు,
బోనాలకు గోడకేసిన సున్నం లెక్క.
కింద పెచ్చు అట్లనే ఉంది.

డిప్‌స్టిక్ గుంజి, భుజం మీది బట్టకు తుడిచి,
మళ్ల ముంచి నాకు చూపిచ్చిండు.
"నల్లగుంటే భయం లేదక్కా,
పాలు పోసిన చాయ్ లెక్క ఉంటెనే పారిపోవాలె."
నల్లగనే ఉంది.

సెల్ఫ్ కొట్టంగనే నల్ల పొగ. పోయింది.
వెనకనే నీలం. పోలె.
"పొద్దటి మంచుకు" అన్నడు షెడ్డాయన.
మే నెల.
పాషా నా దిక్కు చూసిండు, నేను గోడ దిక్కు చూసిన.

రెండు సిమెంటు దిమ్మెలు గొలుసుతోని కట్టి
హైడ్రాలిక్ మీద లేపి, ఇంజన్ బంద్ చేసి
చాయ్ తెప్పిచ్చిండు.
కప్పులు ఖాళీ అయ్యేదాక
ఎవ్వలం మాట్లాడలె, దిమ్మెలనే చూసినం.
వేలెడు దిగినయి.
"వేలెడు సరే. జానెడైతే లేచి పోదుము."

ముందు చక్రాన్ని జాకీకెత్తి పాలపన్ను లెక్క ఊపిండు.
ఛాసిస్ మీద కాయితం పరిచి పెన్సిల్ రుద్దిండు,
ఒక్కో అంకె పైకి తేలింది,
ఆర్‌సీల ఉన్నయే.

మీటర్‌ల రెండువేల నూట పద్నాలుగు గంటలు.
క్లచ్ పెడల్ రబ్బరు అరిగి
లోపలి ఇనుము అద్దమైంది.
"డ్రైవర్‌ది బరువు కాలు" అన్నడు షెడ్డాయన.

పనిముట్ల డబ్బాల
రెండు పానాలు, ఎండిన నిమ్మకాయ,
డీజిల్ తాగిన నోటుబుక్కు.

చిత్తారయ్య గట్టు చెల్క, నాలుగున్నర గంటలు. బాకీ.
ఈదమ్మ, దమ్ము, ఆరు గంటలు. సగమిచ్చింది.
బడి మైదానం సదును, రెండు గంటలు. పైసలొద్దన్న.

సంఘంల పన్నెండు మందిమి కూడేసిన పైసలు నా సంచిల ఉన్నయి,
పదేండ్ల సంది వాళ్ల పద్దులు రాసే చెయ్యి నాది.
పాత టైరు మీద కూసోని, పేజీకొక మొత్తం వేసుకుంట
ఎండ మోకాళ్ల మీదికొచ్చేదాక కూడిన.
చినిగిన పేజీలు పోంగ, ఉన్నయాటికే
మూడువేల ఎనిమిదివందల గంటలు.

పుస్తకం షెడ్డాయన ముందల పెట్టిన.
"ఫైనాన్సోళ్లు గుంజుకొచ్చిన బండమ్మా, మాకేమెరుక."
మీటర్ కూడ ఏం మాట్లాడలె.
నాలుగు లక్షల ఇరవై అన్నోడు
మూడు లక్షల ఐదుకు దిగిండు,
బ్యాంకు బాకీ లేదన్న కాయితం చేతికొచ్చినంకనే
ఆఖరి యాభై వేలని రాయించుకున్నం.

ఇంకో వరుస కూడ కూడిన, ఎవ్వలు అడగకున్నా.
బాకీల వరుస.
గుంజుకొచ్చిన నాటికి ఆయన కట్టనివి మూడు కిస్తులు.
రాని పైసలన్ని వచ్చుంటే
మూడు తీరి, ముందు టైర్లకు మిగులుతుండె.
పాషాకు చెప్పలె.
బేరానికి పనికొచ్చే లెక్క కాదది.

"ఆ చెత్త పుస్తకమెందుకు?" అన్నడు షెడ్డాయన.
సంచిల పెట్టుకున్న.

ఎక్కి కూసుంటే క్లచ్ అందలె.
పొడుగు మనిషి ఉన్నట్టుండు.
పాషా సీటు కింద దూరి పానా పట్టిండు.
బోల్టు కదల్లె.
దీనికి రంగెయ్యలె, మొత్తం తుప్పే.
డీజిల్ పోసిండు, బీడీ ఒకటి అయ్యేదాక ఆగిండు,
మళ్ల పట్టిండు.
కీచుమన్నది,
షెడ్డు రేకుల మీది పావురాలు లేచినయి.
నాలుగు వేళ్లు ముందుకు జరిగింది సీటు.

"ఇప్పుడు తొక్కు అక్కా."