మాడుగుండు

మా పలాసకి పిక్క ఓడెక్కి వొస్తాది.
తుపానుకి ఉద్దానం తోట్లు పడుకున్నకాడినుంచీ
మరీను.
బస్తా మీద తెలీని అచ్చరాలు,
కుట్టు ఇప్పితే ఎర్రమన్ను వోసన.
మందస మన్నూ అలాగే ఉంటాది, తడిసినపుడు.

నాను గ్రేడింగు బల్ల కాడ కూకుంటాను.
తెల్లగుండు ఇటు, బద్ద అటు,
మాడుగుండు కాళ్ళకాడ బుట్టలోకి.
ఇరవై రెండేళ్ళు.
కళ్ళు మూసినా నా వేళ్ళు రంగు సెప్పేస్తాయి.
తెలుపుకి రేటు కట్టినోడెవుడో
నాను సూడనేదు.

మొన్న ముసురులో
పిక్కెనకాల పిక్క తాలూకు మనిసే వొచ్చినాడు.
తూకం తగాదా.
బెనిన్ అట. సెనాన్ అట.
కాశీబుగ్గ లాడ్జీవోడు
గోడనిండా తాళాలు ఏలాడతన్నా
రూముల్నేవన్నాడట.
తవుడు కొడుకు పక్కన నిలబడి
ఇకిలిస్తూ ఫోటో తీసుకున్నాడు.
"కూర్మమ్మా, మీ అన్నేనేటే?" అన్నాడు గుమస్తా.
అందరూ నవ్వినారు.
నానూ నవ్వినాను.

(నా పెళ్ళి ఫోటోలో
స్టూడియోవోడు నాకు తెలుపేసినాడు.
అందులో మా ఆయన పక్కన ఉన్నదెవుతో.)

దాహవని సైగ సేసినాడు.
స్టీలు గళాసు మీదికెల్లిన నా సెయ్యి
ఆగి
కాయితం గళాసు తీసింది.
అప్పుడు గేపకవొచ్చింది
సావుకారి పెరట్లో వొంగున్న మాయమ్మ నడుం,
ఎత్తునుంచి పోస్తంటే
దోసిట్లో సగం, మోచేతులమ్మట సగం.
అప్పటికే నీళ్ళు పోసీసినాను.

తాగి, నా సేతులు సూసినాడు.
జీడిసొన తిన్న సర్మం.
తన సెయ్యి సాపినాడు,
వేలి సందుల్లో అదే మచ్చ.
ఏదో సెప్పినాడు, సానాసేపు.
అందులో "మామా" ఒక్కటే వినపడింది.
వోళ్ళ బాసలో అది అమ్మో మావో
నాకు తెలీనేదు.
గళాసు పారేయడానికి అటూ ఇటూ సూసి
బుట్ట కనబడక
నాలుగు మడతలెట్టి
సొక్కా జేబులో దోపుకుని ఎలిపోనాడు.

సాయంత్రం తెల్లగుట్టలో
మాడుగుండొకటి కలిసిపోనాది.
సూసినాను, తియ్యనేదు.
ఓనరు సూస్తే కూలి కోస్తాడు.

మా మరిది నాగేసు
దోహాలో అద్దాలు తుడుస్తాడు, నలబయ్యో అంతస్తులో.
డబ్బులెప్పుడేస్తావని అడుగుతుంటాను.
ఎండలెలాగున్నాయని అడుగుతుంటాను.
అక్కడ నిన్నేటని పిలుస్తార్రా అని
ఆరేళ్ళలో ఒక్కనాడడగనేదు.
సుక్కోరం ఫోను సేస్తాడు.
అడగాల.
అడిగితే నవ్వేస్తాడు,
నానూ ఆ గుమస్తా ముందల నవ్వినట్టు.