రెండు వేళ్ల జాగా

ఆదోని కోర్టు గోడవార స్టూలు వేసుకుని
మా నాయన అర్జీలు రాసేవాడు.
పాసుబుక్కు పోయినోళ్లకు, పింఛను ఆగినోళ్లకు,
గట్టు జరిపినోడి మీద గొంతు పోయేదాకా అరిచి వచ్చినోళ్లకు.
రాయడం అయినాక, సంతకానికి పైన
రెండు వేళ్ల జాగా వదిలేవాడు.
కాగితం దండగ గదా నాయనా అంటే
'మనిషి నిలబడి ఆలోచించుకోవద్దా' అనేవాడు.

ఆ స్టూలు ఇప్పుడు నాది.
టైపుమిషను మూలకు పోయి ల్యాప్‌టాప్ వచ్చింది.
బోర్డు మీద ఆధార్, పాన్, ఈసీ,
అడుగున పోయినేడు రాయించిన కొత్త వరుస:
కాపీరైటు నోటీసులు పెట్టబడును.

మొదటి బేరం హనుమక్క.
పాత చీరలతో బొంత కుట్టే వీడియో ఆమెది.
నడుమ నడుమ ఆమె దగ్గు, పక్కన మేక అరుపు.
ఎవడో పట్నపోడు దాన్నట్లే ఎత్తుకపోయి
ఆమె ముఖం మీద వాని ముద్ర అంటించుకున్నాడు.
నాలుగు లక్షల మంది చూసినారంట,
ఆమెకు నాలుగణాలు రాలేదు.
నేను రాసినాను: ఈ చేతులు ఈమెవి,
ఈ దగ్గు ఈమెది, మేక కూడా.
మూడోనాటికి దొంగ సరుకు మాయం.
'పోలీసుల్లేకుండానే పట్టిస్తివే నాయనా' అని
కొంగుముడి విప్పి యాభై ఇచ్చింది.
ఆ రాత్రి గోడ మీది నాయనకు చెప్పుకున్నాను,
మన పని ఇంకా ఉండాదని.

తొలకరికి ముందు విత్తనాల షావుకారు వచ్చినాడు.
ఫోను నా ముందర పెట్టినాడు.
పోయిన కార్తీకంలో ఒక రైతు తీసిన వీడియో,
ఇప్పుడు ఊరూరా తిరుగుతాంది.
నడుమెత్తు పత్తి చెట్లు, ఒక్క కాయ లేదు.
చేతిలో ఖాళీ ప్యాకెట్టు పట్టుకుని
'ఇది కొనొద్దండప్పా' అంటాండాడు.
అతని మాట వెనక, రోడ్డున పోయే ప్రచారం ఆటో
తొమ్మిది సెకన్లు పాడింది.
'ఆ పాట మాది. రాయి' అన్నాడు షావుకారు,
రెండు వేలు పెట్టి.

విత్తనం సంగతి నేను అడగలేదు.
ఫారంలో దానికి గడి లేదు.
తొమ్మిది సెకన్లు అబద్ధం కాదు గదా.
మనస్ఫూర్తిగా నమ్మి చెప్తున్నాను: టిక్కు.
అబద్ధమైతే శిక్షకు బద్ధుణ్ని: టిక్కు.
టిక్కుకూ టిక్కుకూ నడుమ
వెంట్రుక పట్టే సందు లేదు.
మర్నాటికి ఆ చేను నల్లటి చతురమైంది.
హనుమక్కకు నింపిన ఫారమే అది.
ఒక్క అక్షరం తేడా లేదు.

నాలుగో దినం కౌలుట్లయ్య వచ్చినాడు,
పత్తికొండ బస్సు దిగి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటా.
'నా చేను నేను తీసుకుంటి.
దొంగతనమెట్లయ్యా అది?'
జవాబుకూ ఒక ఫారముందని చెప్పినాను.
పేరు, ఇంటి నంబరు, కోర్టుకైనా వస్తానని మాట.
అదంతా షావుకారు చేతికే పోతుందని కూడా.
అతని వేలు ఇంటి నంబరు గడి కాడ ఆగింది.
'ఆయప్ప కాడ అప్పుండాదన్నా.'
ఎన్నాళ్లు పడుతుందన్నాడు.
పది నుంచి పద్నాలుగు పనిదినాలు.
అతను ఆలూరు దిక్కు మబ్బును చూసినాడు.
పదును మూడు దినాలు ఉంటే ఎక్కువ.
వానకు ఆదివారాలు లేవు.

'ఎవరు రాసిచ్చినారో ఆ నోటీసు,
వాని చేతులు పడిపోనూ.'
నేనే, అన్నాను.

అతను లేవలేదు.
ఈ గోడవార రాసేవాడు ఇంకొకడు లేడు.

ఇంటి నంబరు గడిలో
ఈ స్టూలు చిరునామా కొట్టినాను, నా పేరు మీదుగా.
పంపే బొత్తాము కాడ చేతులు తీసి
స్క్రీను మీద రెండు వేళ్లు అడ్డం పెట్టి
'ఆలోచించుకో కౌలుట్లయ్యా' అన్నాను.

అతను ఆలోచించుకుంటాండంగనే
మార్కెట్ యార్డు దిక్కు
ఆటో ఆ పాటే పాడుకుంటా పోయింది,
ఈసారి మొత్తం.