తాళం చెవి

ఫిబ్రవరిలో కెటిల్ని పెట్టెలో సర్దేశాను.
మార్చిలో బయటికి తీశాను.
ఈసారి ఖాయం, అన్నాడు లాయరు ప్రాసర్ గారి గుమాస్తా,
ఏప్రిల్లో మళ్లీ సర్దాను.
మే నెల టీ కూడా
ఆ పెట్టె మూత మీదే పెట్టుకు తాగుతున్నాం,
నేనూ ఎమ్లిన్నూ.

రోండా లోయలో ఇళ్లు
ఒకదాని భుజం ఒకటి పట్టుకుని కొండెక్కుతాయి.
మేమడిగింది అందులో ఒక్క భుజం.
పద్నాలుగో నంబరు, ఆకుపచ్చ తలుపు,
నా మోచేతులు గోడకు తగలని వంటిల్లు.
బడిలో మూడొందల మందికి వండే మనిషిని,
ఇక్కడ అద్దె గదిలో
ఇద్దరికి వండాలంటే ఒకరు మంచమెక్కాలి.

మాకు అమ్ముతున్నది బెడో గారు.
ఆవిడ సముద్రం పక్కకి పోతుందట.
అక్కడ ఆవిడకి అమ్మేవాడు తన చెల్లెలి దగ్గరికి.
ఆ చెల్లెలికి మోకాలి ఆపరేషన్ వాయిదా పడింది.
మోకాలడ్డటం అంటే మాటవరస అనుకున్నాను ఇన్నాళ్లూ.
పేరైనా తెలియని మనిషి మోకాలు,
నిజం మోకాలు,
నా వంటింటి కిటికీకి అడ్డం.
ఎవర్ని తిట్టను?

శుక్రవారం నాలుగింటికి ఫోన్ చేశాడు ఏజెంటు కీరన్.
శుక్రవారం నాలుగింటికే చేస్తారు వాళ్లు,
రెండు రాత్రులు మనల్ని మనమే ఉడకబెట్టుకుంటామని తెలుసు.
ఇంకొకరున్నారు, మూడు వేలు ఎక్కువిస్తారట,
సోమవారం పొద్దున్నకల్లా చెప్పండి.
ఎమ్లిన్ ముఖం చూశాను,
ఇచ్చేద్దాం అనే ముఖం.

బీరువా తలుపు తెరిచాను.
జనవరిలో, ఎవరూ తరమని ఒక పూట,
లోపలివైపు పెన్సిల్తో రాసుకున్న అంకె.
దీని మీద ఒక్క పౌనూ లేదు.
కింద ఇద్దరి సంతకాలు.
తొందరలో ఉన్న మాకు
తీరిగ్గా ఉన్న మేం రాసిన ఉత్తరం.
ఫోన్ని రొట్టెల డబ్బాలో పెట్టి మూతేశాను.

ఆదివారం వానలోనే కొండెక్కాం.
పైనుంచి చూస్తే పద్నాలుగో నంబరు కప్పు ఏదో
మాకే తేలలేదు.
గొర్రెలు మాత్రం మమ్మల్ని
ఏదో బాకీ ఉన్నట్టు చూశాయి.

సోమవారం కీరన్ గొంతు కొంచెం తగ్గింది,
ఆ ఇంకొకరు తప్పుకున్నారు.
ఉంటేగా తప్పుకోడానికి, అన్నాడు ఎమ్లిన్,
ఫోన్ పెట్టేశాక.

తర్వాత బొగ్గు కాగితం.
ఈ లోయలో ఇల్లు కొంటే
ఇంటి కింద ఏముందో కూడా అడగాలి.
పెరటి గోడకి పన్నెండు గజాల్లో పాత గని నోరు,
పూడ్చిందేనట,
ఎప్పుడు పూడ్చారో రాసిన పుట దొరకలేదట,
వెతకడానికి మూడు వారాలట.
బ్యాంకు మాటకి ఆయుష్షు రెండు వారాలు.

ఆ రాత్రి గ్రీజు వదలని చేతులు పొట్ట మీద పెట్టుకుని
మా ముత్తాత ఆ నోట్లోకి దిగి
రోజూ తిరిగొచ్చాడు నెరిస్, అన్నాడు,
మనం ఒక కాగితం కోసం ఆగలేమా?
మీ ముత్తాతకి
నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమని నోటీసు రాలేదు, అన్నాను.
గోడ వైపు తిరిగి పడుకున్నాను.
కాసేపటికి ఇద్దరం నవ్వాం, ఎవరు ముందో తెలీదు.

పొద్దున్న నేనే బ్యాంకుకి చేశాను.
నలభై నిమిషాలు చెవిలో పిల్లనగ్రోవి.
పది రోజులు పొడిగించారు.
అడిగితే ఇస్తారని
అడిగేదాకా ఎవరూ చెప్పలేదు.

జూన్లో, ఒక మామూలు గురువారం,
ఐదు నెలలు నా చెవిని వాడుకున్న వాళ్లు
నాకో చెవి ఇచ్చారు.
ఇనపది, చల్లనిది,
మెడలో బెడో గారి ఎర్ర ఊలు దారం.

తాళం తిరిగింది, తలుపు రాలేదు.
వానలకి ఉబ్బి చట్రాన్ని కరుచుకుంది.
ఎమ్లిన్ భుజం ఆనించాడు.

ఆగు, అన్నాను.
ఎందుకన్నానో తెలీదు.
ఆకుపచ్చ రంగు మీద అరచెయ్యి పెట్టి
అలాగే నిలబడ్డాను,
వెనక రోడ్డు మీద వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నా.